చిప్పులో రాసిన ఆరు నిమిషాలు

నవనీత పనిచేసే గదిలో నాలుగు కుర్చీలున్నాయి. మూడు ఇంజనీర్లవి, ఒకటి సూపర్‌వైజర్‌ది. వాళ్ళు రాని రోజున కూడా అవి ఖాళీగానే ఉంటాయి తప్ప, బోర్డులకు ప్రోగ్రాం ఎక్కించే ఆడవాళ్ళు వాటి జోలికి పోరు. పోకూడదని ఎవరూ గోడ మీద రాయలేదు, రాయాల్సిన అవసరమే రాలేదు. బల్లలనే నిలబడ్డవాళ్ళ ఎత్తుకు చేయించారు. కూతురు స్రవంతి కడుపులో ఉండగా ఏడో నెల దాకా నవనీత ఆ బల్ల ముందు నిలబడే పనిచేసింది. అప్పుడొక్కసారి మాత్రం, ఎత్తు పీట ఒకటి వేయించమని సూపర్‌వైజర్ శ్రీనివాసులును అడిగింది.

"నిలబడితే చెయ్యాడుతుందమ్మా, కూర్చుంటే కన్ను మూతపడుతుంది. నాకు తెలీదా?" అన్నాడాయన, తన కుర్చీలో వెనక్కి వాలి.

ఆమె మళ్ళీ అడగలేదు. అట్టపెట్టె ముక్క తెచ్చి కాళ్ళ కింద పరుచుకుంది. అది చూసి మిగతా ఆడవాళ్ళూ పరుచుకున్నారు. "చూశారా, మీ సమస్య మీరే తీర్చుకున్నారు" అని శ్రీనివాసులు మెచ్చుకున్నాడు కూడా. సాయంత్రం బస్సులో సీటు దొరికితే నవనీతకు వెంటనే కూర్చోబుద్ధి కాదు. ముందు ఒక కాలు మీద, తర్వాత ఇంకో కాలు మీద బరువు వేసి, మోకాలు మాట వింటుందో లేదో చూసుకుని అప్పుడు కూర్చుంటుంది.

ఆమెది జోగిపేట. సంగారెడ్డి ఐటిఐలో ఎలక్ట్రానిక్స్ చదివింది. పెళ్ళయి లింగంపల్లికి వచ్చింది. స్టేషన్ వెనక కాలనీలో రెండు గదుల కిరాయి ఇల్లు. భర్త రమేష్ క్యాబ్ నడుపుతాడు. అతను ఇంట్లో ఉండే వేళలూ ఆమె ఉండే వేళలూ కలవడం అరుదు. పొద్దున్నే మియాపూర్ దాకా బస్సు, అక్కణ్ణుంచి బాచుపల్లికి షేర్ ఆటో. టైల్స్ దుకాణం పైన రెండో అంతస్తులో ఆమె కంపెనీ. బయట బోర్డు కూడా సరిగా కనబడదు. కానీ అక్కడ తయారైన వస్తువులు సైబరాబాద్‌లోని పెద్ద పెద్ద టవర్లలో మనుషుల మెడలకు వేలాడుతుంటాయి.

వాటిని ట్యాగులంటారు. లోపల వేలెడంత బోర్డు, దాని మీద గోరంత చిప్పు. తీగ లేకుండా మాట్లాడగల చిన్న రేడియో కూడా ఆ చిప్పులోనే ఉంటుంది. అయితే కొత్తగా వచ్చిన చిప్పుకు ఏమీ తెలియదు. నవనీత దాన్ని జిగ్ అనే చట్రంలో పెట్టి, పిడి కిందికి లాగుతుంది. సూదుల్లాంటి సన్నని పిన్నులు బోర్డు మీది చుక్కలకు ఆనుకుంటాయి. కంప్యూటర్‌లో మీట నొక్కితే ప్రోగ్రాం చిప్పులోని ఫ్లాష్ మెమరీలోకి పోతుంది. పచ్చలైటు వెలిగితే పాస్, ఎర్రలైటు వెలిగితే పక్కన పెట్టాలి. 'ఫ్లాష్ కొట్టడం' అంటారు అక్కడ. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే. పెట్టడం, లాగడం, నొక్కడం, తీయడం.

ఆ ట్యాగును హౌస్‌కీపింగ్ వాళ్ళు, సెక్యూరిటీ వాళ్ళు మెడలో వేసుకోవాలి. మనిషి ఏ అంతస్తులో ఉందో అది సీలింగులోని పెట్టెలకు చెబుతుంటుంది. భోజనం వేళ తప్ప, ఆరు నిమిషాలు కదలకుండా ఉంటే ట్యాగు గుర్రుమని వణుకుతుంది. అప్పటికీ లేవకపోతే ఆ టవర్‌లోని సూపర్‌వైజర్ ఫోనుకు మెసేజ్ పోతుంది.

ఆ వణుకు ఎలా ఉంటుందో నవనీతకు ఇంట్లోనే తెలుసు. ఆమె అత్త అంజమ్మ రాయదుర్గంలో ఒక టవర్‌లో హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. కొడుకు వద్దన్నా వినలేదు. "కిరాయి ఎవడు కడతడు, నీ మొగోడా?" అని కొడుకునే ఎగతాళి చేసి పనిలో చేరింది. యాభై దాటింది, మోకాళ్ళు అరిగాయి. టవర్‌లో మెట్ల గదులు తుడిచేటప్పుడు మధ్యలో ఒక మెట్టు మీద కూలబడితే, నొప్పి సద్దుమణిగేలోపే మెడలోది గుర్రుమంటుంది.

"అగో, కోడలు పిలుస్తున్నది లేవే" అంటుంది వెంట పనిచేసే పుణ్యవతి. "మా అత్తలు గంట మోగిస్తే మేం ఉరికినం. నీ కతేందే, కోడలు మోగిస్తే అత్త ఉరుకుతున్నది!"

"నా కోడలేం జేస్తదే. అది మిషన్ గుణం" అనేది అంజమ్మ. ఇంటికి వచ్చాక ఆ మాటలు కోడలికి చెప్పి నవ్వేది. నవనీత కూడా నవ్వేది. నవ్వి, స్టవ్ మీద గిన్నె పెట్టి, ఆవనూనె వేడి చేసి అత్త మోకాళ్ళకు రాసేది. మిషన్ గుణమేనని ఆమె కూడా నమ్మింది. ఫ్రిజ్ చల్లబడ్డాక దానంతటదే ఆగినట్టు, ఇది ఆరు నిమిషాలకు వణుకుతుంది. ఆమెకిచ్చిన ఫైళ్ళు రెండు. ఒకటి ప్రోగ్రాం, రెండోది సెట్టింగులు. వాటి లోపల ఏముందో తెర మీద కనబడదు. అడిగేంత ఓపిక ఉన్నవాళ్ళు ఆ గదిలో లేరు.

ఒక సంవత్సరం వర్షాకాలంలో, ఒక ట్రే బోర్డులకు ఫ్లాష్ కొడుతుండగా కరెంటు పోయింది. వచ్చింది, మళ్ళీ పోయింది. సగం రాతలో ఆగిన బోర్డులు మొండికేశాయి. మీట నొక్కితే ఎర్రలైటు తప్ప మరొకటి లేదు. అలాంటప్పుడు చేయాల్సింది ఆ గదిలో అందరికీ తెలుసు. మామూలుగా అయితే ప్రోగ్రాం ఉన్న భాగాన్ని మాత్రమే చెరిపి కొత్తది రాస్తారు. మొండికేసిన చిప్పును మాత్రం మొత్తం చెరిపేయాలి. సెట్టింగులు దాచుకున్న చిన్న మూల కూడా దాంతోపాటే చెరిగిపోతుంది కాబట్టి ప్రోగ్రాం ఎక్కించాక రెండో మీట నొక్కి సెట్టింగులు మళ్ళీ రాయాలి.

కింద డెలివరీ ఆటోవాడు హారన్ మోగిస్తున్నాడు. "ఇంకెంతసేపమ్మా, వాడు పోతానంటున్నాడు" అని శ్రీనివాసులు మెట్ల దగ్గర నుంచి కేకలు పెడుతున్నాడు. నవనీత ట్రే మొత్తం చెరిపింది. ప్రోగ్రాం ఎక్కించింది. పచ్చలైటు వెలిగింది. ఆ లైటు చూసేది ప్రోగ్రాం పోయిందా, రేడియో పలుకుతోందా అన్నంత వరకే. రెండో మీట నొక్కలేదన్న సంగతి దానికి పట్టదు. ట్రే డబ్బాలోకి, డబ్బా ఆటోలోకి పోయింది. ఆ వారం సరుకంతా రాయదుర్గం టవర్‌కే. అంజమ్మ పనిచేసే టవర్‌కే.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం అంజమ్మ గడపలోకి వస్తూనే, "పిల్లా, ఈపాలి మంచి డబ్బాలు పంపిన్రే మీ కంపెనోళ్ళు" అంది.

"ఏమైంది అత్తమ్మా?"

"గుర్రుమంటలేదు. పాతయి తీస్కొని కొత్తయి ఇచ్చిన్రు గదా. నేను మెట్ల మీద కూసున్న. ఇగ వణుకుతది, ఇగ వణుకుతది అని చూస్తున్న. ఉలుకూ లేదు పలుకూ లేదు. పుణ్యవతైతే గోడకు ఒరిగి కునుకే తీసింది."

నవనీత చేతిలోని గరిటె ఆగిపోయింది. ఆ క్షణంలోనే ఆమెకు ట్రే గుర్తొచ్చింది, ఆటో హారన్ గుర్తొచ్చింది, నొక్కని రెండో మీట గుర్తొచ్చింది. లోపల ఏం జరిగిందో మాత్రం ఆమెకు అప్పటికి తెలియదు. ఈ రకం చిప్పుల్లో చెరపడమంటే పలక తుడిచినట్టు ఖాళీ కావడం కాదు. చెరిగిన ప్రతి మెమరీ గడీ, అది పట్టగలిగినంత పెద్ద అంకెతో నిండిపోతుంది. నిమిషాలు రాసుకునే గడి చెరిగితే అక్కడ ఆరు ఉండదు, రెండు వందల యాభై అయిదు ఉంటుంది. నాలుగు గంటలకు పైన. అంతసేపు కూర్చునే హౌస్‌కీపింగ్ మనిషి ఈ భూమ్మీద లేదు కాబట్టి ఆ ట్యాగు ఇక వణకదు.

తప్పు తనది. చెబితే ఉద్యోగం పోవచ్చు. చెప్పకపోతే? ఆమె అత్త ముఖం వైపు చూసింది. అంజమ్మ ఆ రోజు గోడ పట్టుకోకుండా నడిచి బాత్రూముకు వెళ్ళింది.

నవనీత ఎవరికీ చెప్పలేదు. ఆ రోజుల్లో ఇంట్లో ఏమంత మారిందని అడిగితే చెప్పడానికి పెద్ద విషయాలేం లేవు. ఆవనూనె సీసా త్వరగా అయిపోలేదు. అంజమ్మ సాయంత్రాలు మనవరాలికి తల దువ్వి జడలేసింది. ఒక ఆదివారం లింగంపల్లి మార్కెట్‌కు తనే నడిచి వెళ్ళి, బీరకాయలు బేరమాడి గెలిచానని ఇల్లంతా చెప్పుకుంది. పని తగ్గించింది కూడా లేదు. మెట్లు అవే, బకెట్లు అవే. ఒక అంతస్తు తుడిచి రెండో అంతస్తు మొదలుపెట్టే ముందు కాస్త కూర్చుంటోంది, అంతే.

అది ఎక్కువ కాలం సాగలేదు. ఆ టవర్‌లో కొన్ని అంతస్తుల నుంచి 'కదలడం లేదు' అన్న మెసేజ్ ఒక్కటీ రావడం లేదని ఫిర్యాదు వచ్చింది. ట్యాగులు డబ్బాలో తిరిగి బాచుపల్లికి వచ్చాయి. ఇంజనీరు సురేంద్ర ఒకటి తీసి జిగ్‌లో పెట్టి, లోపల ఏముందో చదివాడు. అతనిది భీమవరం దగ్గర. మాట మెత్తన, ముప్పై నిండని మనిషి.

"అయ్యో, సెట్టింగ్స్ రాయలేదండి వీటికి. మొత్తం ఎరేజ్ చేసి వదిలేశారు. నిమిషాల గడిలో ఆరు బదులు రెండు వందల యాభై అయిదుంది. ఎవరండీ చేసింది?"

శ్రీనివాసులు అప్పటికే నవనీత వైపు చూస్తున్నాడు.

"నేనే సార్" అంది ఆమె. "కరెంటు పోయిన రోజు. రెండో మీట మర్సిపోయిన."

"మర్చిపోవడానికి ఇదేమన్నా కూరలో ఉప్పా?" అన్నాడు శ్రీనివాసులు. "కస్టమర్ నా ప్రాణం తీస్తున్నాడు. ఇంకోసారి జరిగితే ఇంటికే. చెప్తున్నా." విసవిసా వెళ్ళిపోయాడు.

సురేంద్ర ఇబ్బందిగా నవ్వాడు. "టెన్షన్ పడకండి. ఇకనుంచి సెట్టింగ్స్ కూడా చదివి చూసుకున్నాకే పచ్చలైటు వెలిగేలా మార్చేశాను. మర్చిపోదామన్నా కుదరదు మీకు."

డబ్బా ఆమె ముందుకు వచ్చింది. అత్త ట్యాగు ఎక్కడుందో వెతకక్కర్లేకపోయింది. వెనక వైపు తన గుర్తుకని అంజమ్మ అతికించుకున్న స్టిక్కర్ బొట్టు ఇంకా అలాగే ఉంది. నవనీత దాన్ని తీసి, ఆ బొట్టును వేలితో నొక్కింది. ఏమనుకుందో ఏమో, ఎన్నేళ్ళుగానో అడగనిది అడిగింది.

"సార్, ఆ ఆరు నిమిషాలు మిషన్‌ది కాదా?"

"మిషన్‌దేంటండీ? మనం రాసేదే. సెట్టింగ్స్ ఫైల్లో నేనే టైప్ చేశాను."

"ఎంతైనా పెట్టొచ్చా?"

"పెట్టొచ్చు. ఇరవై, ముప్పై, అరవై... చిప్పుకేం బాధ?"

"మరి ఆరే ఎందుకు పెట్టిన్రు సార్?"

సురేంద్ర కొంచెం ఆలోచించి, గుర్తొచ్చి, తనకు తెలియకుండానే నవ్వాడు. "డెమో కోసమండి. మొదట వాళ్ళకి చూపించడానికి వెళ్ళినప్పుడు ట్యాగు టేబుల్ మీద పెట్టి వణికేదాకా ఆగాలి కదా. ఇరవై అని పెడితే అంతసేపు ఎవరు కూర్చుంటారు, టీ తాగేలోపు మోగాలి అని ఆరు పెట్టాం. టవర్ చూసుకునే ఫెసిలిటీ మేనేజర్‌కి నచ్చింది. అలాగే ఉంచేయమన్నాడు. ఉంచేశాం."

అతని ముఖంలో నవ్వు మెల్లగా వాడిపోయింది. ఎదురుగా ఉన్నామె నవ్వలేదని అతనికి కాస్త ఆలస్యంగా తెలిసింది. "ఏమండీ, మీవాళ్ళెవరన్నా..." అని ఆగిపోయాడు.

"మా అత్త" అంది నవనీత.

"మార్చాలంటే క్లయింట్ దగ్గర్నుంచి మెయిల్ రావాలండి. వచ్చిందంటే మనకి పూట పని. నా అంతట నేను మారిస్తే..." అతనికీ ఇంటి లోను ఉంది, ఆఫీసు తాలూకు భయాలున్నాయి.

ఆమె పిడి లాగింది. మొదటి మీట, రెండో మీట. లైటు పచ్చగా వెలిగింది. స్టిక్కర్ బొట్టున్న ట్యాగులో మళ్ళీ ఆరు చేరింది. తర్వాతిది, ఆ తర్వాతిది. ఒకటి రెండు చోట్ల వేలు రెండో మీట మీదే ఆగింది. ఆగి ప్రయోజనం లేదు, ఆరు రాయనిదే లైటు వెలగదు. సాయంత్రానికి డబ్బా ఖాళీ అయింది, ట్యాగులు ఆటోలో టవర్‌కు తిరిగి వెళ్ళాయి. ఆ రోజు బస్సులో కండక్టరు రెండుసార్లు పిలిస్తే గానీ టికెట్ తీసుకోవాలని ఆమెకు తెలియలేదు.

ఇంటికి వచ్చాక అత్తకు అంతా చెప్పింది. తన మరుపు, ఆ పెద్ద అంకె, టేబుల్ మీద పెట్టిన ట్యాగు, టీ తాగేలోపు మోగాలన్న మాట. అంజమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తీస్తూనే ఉంది.

"అయితే మల్ల గుర్రుమంటదా?"

"అంటది అత్తమ్మా. నేనే రాసిన, నా చేత్తోనే."

అంజమ్మ చేతిలోని చిక్కుడుకాయను గిన్నెలో పడేసింది. "ఇన్నొద్దులు మిషన్ గుణమని ఊకున్న" అంది. "మిషన్‌తోని ఏం కొట్లాడతమని ఊకున్న. ఎవడో చాయ్ తాగేదానికి పెట్టిండా గది? నా మోకాళ్ళు వాని చాయ్‌కి సమానమా?"

"చిన్నగ మాట్లాడు. పిల్ల చదువుకుంటున్నది."

"ఏందే చిన్నగ! రేపు పోయి అడుగుత."

నవనీత తలుపు దగ్గరగా వేసింది. కస్టమర్ విషయాలు బయట చెప్పిందని తెలిస్తే శ్రీనివాసులు చెప్పిన ఆ ఇంకోసారి ఇదే అవుతుంది. రమేష్ క్యాబ్‌కు బేరాలు లేని నెల అది. "నా పేరు రానియ్యకు అత్తమ్మా" అంది. అని తలవంచుకుంది. ఆ మాట అనాల్సి వచ్చినందుకు ఆమెకు సిగ్గేసింది. అనకుండా ఉండే స్థితి ఆమెకు లేదు.

మర్నాడు రాయదుర్గం టవర్ బేస్‌మెంట్‌లో, డ్యూటీకి ముందు ట్యాగులు పంచేచోట, అంజమ్మ హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌ను అడిగింది. అతను సిద్దిపేట పిల్లగాడు, ఆమెను పెద్దమ్మా అంటాడు.

"సారూ, ఈ ఆరు నిమిషాలు జర ఎక్కువ చేయుర్రి. ఇరవై చేయుర్రి. ఒక అంతస్తు తుడిస్తే కూసోవాలె గదా."

"నా చేతుల లేదు పెద్దమ్మా. సిస్టమే గట్ల ఉన్నది."

"సిస్టం గట్ల లేదు. ఎంతంటె అంత పెట్టొచ్చు."

అతను తలెత్తి చూశాడు. "ఎవలు చెప్పిన్రు నీకు?"

ఆడవాళ్ళ చూపులు అంజమ్మ మీదికి తిరిగాయి. అంజమ్మ కోడలు ఎక్కడ పనిచేస్తుందో వాళ్ళలో సగం మందికి తెలుసు. అంజమ్మ నోరు తెరవలేదు. పుణ్యవతే బకెట్టు కింద పెట్టి, "మా మోకాళ్ళు చెప్పినయి సారూ" అంది. "ఇన్నొద్దులు గుర్రుమనని డబ్బాలు వేస్కున్నం గదా, మీ టవర్ ఏమన్న కూలిందా? ఒక్క బాత్రూమన్న గలీజున్నదని కంప్లెయింట్ వచ్చిందా? చెప్పు."

రాలేదు. వస్తే ముందు తనకే వచ్చేదని అతనికి తెలుసు. అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"చూడు పెద్దమ్మా, ఉన్నది ఉన్నట్టు చెప్త. నేను చెప్తే ఫెసిలిటీ సారు వినడు. మీరు చెప్తే మీ బదులు వేరేటోళ్ళను పెడతడు. పైన ఏసీలల్ల కూసునేటోళ్ళు ఉన్నరు గదా, ఆఫీసోళ్ళు, వాళ్ళు మెయిల్ పెడితే ఆయన ఉరుకుతడు. మొన్న కాఫీ మిషన్‌ల పాలు పల్చగున్నయని మెయిల్ పెట్టిన్రు. సాయంత్రం కల్ల మిషనే మారింది."

అంజమ్మ ట్యాగు మెడలో వేసుకుని లిఫ్ట్ వైపు నడిచింది. ఆ సాయంత్రం ఇంట్లో ఆ సంగతి కోడలికి చెబుతూ, "నాకు తెలిసినోళ్ళు ఎవలున్నరే ఆఫీసోళ్ళల్ల?" అని అడిగింది. రోజూ వాళ్ళ కాళ్ళ పక్క నుంచే తుడుచుకుంటూ పోతుంది. పేరు తెలిసిన మనిషి ఒక్కరూ లేరు.

ఇది చదువుతున్న వాళ్ళలో ఆ టవర్లలో కూర్చుని పనిచేసేవాళ్ళు తప్పకుండా ఉంటారు. అంజమ్మకు తెలియని ఆఫీసువాళ్ళు మీరే. రేపు మీ అంతస్తు తుడిచే మనిషి మెడ వైపు ఒకసారి చూడండి. ట్యాగు ఉంటే, అది ఎన్ని నిమిషాలకు వణుకుతుందో మీ ఫెసిలిటీ వాళ్ళను అడగండి. ఆ అంకె ఎవరు చెప్పారు, ఏం ఆలోచించి చెప్పారు అని అడగండి. "సిస్టం అంతే" అన్న జవాబు వస్తే ఒప్పుకోవద్దు. ఏ చిప్పూ తనంతట తాను మనిషిని లేవమనదు, ఎవరో రాస్తేనే అంటుంది. రాసినదాన్ని చెరిపి మళ్ళీ రాయడం ఒక పూట పని. ఆ అంకె పెంచమని, మెట్ల దగ్గర ప్రతి అంతస్తులో కూర్చునేందుకు ఒక బల్ల వేయించమని మెయిల్ రాయండి. ఒక్కరే రాస్తే పక్కన పడేస్తారు. మీ వరసలో కూర్చునేవాళ్ళను కలుపుకుని రాయండి, జవాబు వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ రాయండి. ఆ మెయిల్లో తుడిచేవాళ్ళ పేర్లు పెట్టకండి. మీ పేర్లు పెట్టండి.